నాడి పట్టువారు

మా యిండ్లలో వైద్యుడు వచ్చెననగానే రోగి మొట్టమొదట చేయి చాచుట వాడుక. మా నాయనమ్మకు ఈ విషయమున గట్టి పట్టుదల యుండెడిది. ఎంత చదివినవాడైనను చేయి పట్టి చూడక మందు వ్రాసినచో, "చెయ్యన్నా చూడలేదు, ఏం వైద్యుడమ్మా!" అని యా చీటిని దేవుని గూటిలో పడవైచి మరచెడిది. ఆ మాట 2019 నవంబరు నెలలో నాకు దినదినమును జ్ఞప్తికి వచ్చుచుండెను. ఆ నెలలో మా చెల్లెలు ఒక ప్రభుత్వ క్షయ చికిత్సాలయమున చేరినది. అచట ఆమె చేయి పట్టుకొనువారు ఒక్కరును లేకుండిరి. అట్లు లేనివారిలో నేనును ఒకతెను.

ఈ సంగతిని దాచక వ్రాయవలెనని చాలకాలమునుండి యనుకొనుచున్నాను. నేను ముప్పది సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినదానను. క్షయ గాలివలన వ్యాపించునే గాని, కంచమువలనను, పక్కబట్టలవలనను, చేయి తాకుటవలనను రాదని పిల్లలచేత వల్లె వేయించినదానను. అయినను చెల్లెలికి జబ్బని తెలిసిన నాటి సాయంకాలమే దాని కంచమును వేరుగా నుంచితిని. చికిత్సాలయమున మంచమునకు నాలుగడుగుల దూరమున కుర్చీ వేసికొని కూర్చుండెడిదానను. పైగా చలిగాలి తగులునని దాని ప్రక్కనున్న కిటికీని నేనే మూయుచుంటిని. చేయరానిది చేయుచు, చేయదగినది మానితినన్నమాట. చదువు నోటనే నిలిచి చేతికి దిగనిచో నిట్లే యుండును కాబోలు.

చెల్లెలి జబ్బు సామాన్యమైన క్షయ కాదు. కఫమును పరీక్షించిన యంత్రము రెండు గంటలలో, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు ఈ క్రిమి లొంగదని తేల్చివేసినది. ఇట్టి క్షయకు వెనుక నెలల తరబడి సూదిమందు పొడిచెడివారు. మా వీధిలోని యొక యిల్లాలు ఆ సూదులవలన వినికిడి పోగొట్టుకొని, నేటికిని మనుమల మాటలను పెదవుల కదలికను బట్టి గ్రహించుచున్నది. ఆ జాతిలోని కెనమైసిన్ సూదులను మానవలసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 లో సూచించెను. వాని స్థానమున వచ్చిన మాత్రలలో ముఖ్యమైనది బెడాక్విలిన్. క్షయక్రిమి తనకు కావలసిన శక్తిని పుట్టించుకొను సాధనమునే యిది స్తంభింపజేయును. అమెరికాలో 2012 డిసెంబరులో దీనికి అనుమతి లభించినది. మన దేశమున 2016 లో కొన్ని చికిత్సాలయములలో మాత్రమే మొదలిడి, పిమ్మట నితర ప్రాంతములకు విస్తరింపజేసిరి. సుమారు నలువది సంవత్సరములకు క్షయకు దొరికిన క్రొత్త తరగతి మందు ఇదే.

మందు గొప్పది. అయితే దానికి గుండెతో నొక తగవు కలదు.

గుండె కొట్టుకొనుట విద్యుత్తువలన జరుగు పని. ఒక్కొక్క కొట్టుకొనుటకును గుండె కండరము విద్యుత్తును వెచ్చించి ముడుచుకొని, మరల సన్నద్ధమగుటకు కొంత వ్యవధి పుచ్చుకొనును. విద్యుద్రేఖపై ఆ వెచ్చింపు మొదలుకొని పునస్సన్నాహము ముగియువరకు నుండు వ్యవధికి వైద్యులు క్యూటీ యని పేరిడిరి. నాడి వేగమును బట్టి యది మారును గనుక లెక్క సరిచేయవలెను. ఇంగ్లీషు వైద్యుడు బజెట్, డేనిష్ వైద్యుడు ఫ్రిడెరిషియా, ఇరువురును వేరువేరుగా 1920 లోనే దానికి సూత్రములు వ్రాసిరి. బెడాక్విలిన్, దానితోపాటు ఇచ్చు క్లోఫజిమిన్, మాక్సిఫ్లాక్ససిన్ అను మూడు మందులును ఈ వ్యవధిని పొడిగించునవే. గుండె యింకను సన్నద్ధము కాకమునుపే మరియొక ప్రేరణ వచ్చి తగిలినచో రేఖ మొనలు మెలికలు తిరిగి, గుండె వట్టిగా వణకును. రక్తము ముందునకు పోదు. 1966 లో దెసెర్తెన్ అను ఫ్రెంచి వైద్యుడు ఈ మెలికను వర్ణించెను. సరిచేసిన లెక్క సెకనులో వేయింట 500 భాగములు దాటినచో అపాయమని వైద్యుల నియమము. స్త్రీలకు ఈ వ్యవధి స్వభావముచేతనే పురుషులకంటె కొంచెము దీర్ఘమనియు, ఈ మెలిక పడుట కూడ స్త్రీలయందే ఎక్కువయనియు నేను తరువాత తెలిసికొంటిని.

ఇచట మా నాయనమ్మ నమ్మకము భంగపడుచున్నది. నాడి పట్టి చూచిన ఈ పొడుగు తెలియదు. చేతికి నాడి చక్కగా డెబ్బది రెండు కొట్టుచునే యుండును; లోపల వ్యవధి సాగుచునే యుండును. గీత గీసి చూచిననే తెలియును. అందుచేత మందు మొదలిడుటకు ముందొకసారి, రెండు వారములకొకసారి, పిమ్మట నెలకొకసారి, అనుమానము కలిగిన ప్రతిసారియు ఈ.సీ.జీ. తీయవలెనని చెల్లెలి కాగితముపై వ్రాసియుండెను.

వ్రాయుట సులభమే. ఈ.సీ.జీ. యంత్రము మా వార్డులో లేదు. ఆవరణమున కావలివైపున వేరొక భవనమున నుండెను. ఆయాసపడు రోగి రెండువందల యడుగులు నడచి పోవలెను. పోయిన పిమ్మట, "మీరు అంటువార్డువారు, అందరిదీ అయ్యాక రండి" యనెడివారు. ఉదయము ఎనిమిదింటికి పోయినది మధ్యాహ్నము రెండు గంటలవరకు మెట్లమీద కూర్చుండెడిది. ఆ గది తలుపునకు తెర లేదు. యంత్రము నడుపువాడు పురుషుడు. రవిక తీసి రొమ్ముపై ఆరు చోట్ల తీగెలు తగిలించుకొనవలెను. వెలుపల వరుసలో నిలిచినవారికి లోపలి దంతయు కనబడుచుండును. మా చెల్లెలు నోరులేనిది; మొదటిసారి ఎట్లో సహించినది. రెండవసారి గుమ్మమువరకు పోయి, తలనొప్పిగా నున్నదని చెప్పి తిరిగి వచ్చినది. దానిని నేను కోపపడితినే గాని కారణమడుగలేదు. ఆ వార్డులో మరి నలుగురు స్త్రీలు ఇట్లే తలనొప్పులు తెచ్చుకొని తిరిగి వచ్చుచుండిరని నర్సు చెప్పిన మీదట గాని నాకు బోధపడలేదు.

1816 లో పారిసు నగరమున లెనెక్ అను వైద్యుడు ఒక యువతి గుండె వినవలసి వచ్చి, ఆమె రొమ్మున చెవి యానించుటకు సంకోచించి, కాగితములను గొట్టమువలె చుట్టి యా గొట్టముద్వారా వినెను. నేడు ప్రతి వైద్యుని మెడలోను వ్రేలాడు స్టెతస్కోపునకు పుట్టుక యదియే. ఒక స్త్రీ సిగ్గును గౌరవించుటవలన వైద్యమునకు గొప్ప సాధనము లభించినది. ఆ లెనెక్ 1826 లో క్షయవలననే మరణించెను. ఆయన గొట్టము చుట్టిన రెండువందల యేండ్లకు మనము ఒక తెర కట్టుకొనజాలక పోయితిమి.

మూడవ వారమున వాంతులు పట్టుకొన్నవి. నాలుగు దినములు గంజియు నిలువలేదు. అప్పుడు నేను చేసిన పనిని తలచుకొన్న నాకిప్పటికిని నిద్ర పట్టదు. వార్డులో నెవరినడిగినను సాయంకాలము చూతమనుచుండిరి. నేను వెలుపలి మందుల దుకాణమునకు పోయి, వాంతులు కట్టు బిళ్లలను కొని తెచ్చి, ఎవరికిని చెప్పక రెండు పూటలు ఇచ్చితిని. ఆ బిళ్ల పేరు ఆన్‌డాన్‌సెట్రాన్. మంచి మందే, ఎందరో వాడుదురు. కాని యదియు క్యూటీని పొడిగించు జాతిలోనిదే. అంతేగాక వాంతులవలన ఒడలిలోని పొటాషియము, మెగ్నీషియము తరుగును. అవి తరిగినకొలదియు ఆ వ్యవధి మరింత సాగును. మూడు మందులు, వానిపై నేనిచ్చిన నాలుగవది, క్రింద తరిగిపోయిన లవణములు. మరునాటి తెల్లవారుజామున చెల్లెలు స్నానపుగదిలో కూలబడినది.

ఆ మూర్ఛ గుండెవలన కలిగినదో, ఆకలి నీరసమువలన కలిగినదో ఎవరును తేల్చి చెప్పలేదు. చెప్పలేకపోయిరి కూడ. ఆ క్షణమున దాని గుండెరేఖను చూచినవారు లేరు గదా! ఇట్టి క్షణములను పట్టుకొనవలెననియే అమెరికాలో హెలెనా యను నూరిలో నార్మన్ హోల్టర్ అను నాయన 1940 ల కడపట సుమారు 38 కిలోల యంత్రమును వీపున మోసి, నడచుచు తిరుగుచు తన గుండె సంకేతములను పంపి చూచెను. పిమ్మట నది చొక్కాజేబులో పట్టునంత చిన్నదైనది. మా వార్డుకది రాలేదు.

మూర్ఛ తేరిన తరువాత చక్రముల కుర్చీలో నావలి భవనమునకు తీసికొనిపోయి గీత గీయించిరి. మొదట 428 ఉండిన లెక్క 512 అయ్యెను. వెంటనే మందులు నిలిపివేసి నరముద్వారా పొటాషియము ఎక్కించిరి. అప్పుడు మా వార్డునకు క్రొత్తగా వచ్చిన యొక చిన్న డాక్టరమ్మ నా దగ్గర కూర్చుండి, "ఇంకేమన్నా మందు ఇచ్చారా అమ్మా? కోప్పడను, చెప్పండి" యని యడిగినది. చెప్పితిని. ఆమె నిజముగనే కోపపడలేదు. బిళ్ల పేరును కాగితముపై వ్రాసికొని దానిక్రింద రెండు గీతలు గీసినది. ఆ రెండు గీతలు నాకు చెంపపెట్లవలె తోచెను.

ఆ మరునాడు ఆమె తన సంచిలోనుండి యొక చిన్న పలకను తీసెను. అగ్గిపెట్టెకంటె పలుచనిది, దానిపై రెండు లోహపు ముక్కలు. ఇట్టివానికి అమెరికాలో 2012 నుండి అనుమతి కలదట. దీనిని ఆమె తన జీతముతో కొనుకొన్నది. ఎడమచేతి వ్రేళ్లు ఒక ముక్కపై, కుడిచేతి వ్రేళ్లు రెండవదానిపై ఉంచి ముప్పది సెకనులు కదలక కూర్చున్నచో, ప్రక్కనున్న సెల్‌ఫోనుపై గుండెరేఖ పాకుచు వచ్చును. రవిక విప్పనక్కరలేదు, ఆవరణము దాటనక్కరలేదు, మెట్లమీద కూర్చుండనక్కరలేదు. ఒకరి తరువాత ఒకరికి ఇచ్చునపుడు స్పిరిటు దూదితో తుడుచును. అనుమానము తోచినచో ఆ రేఖను నగరములోనున్న గుండె వైద్యునికి పంపును. అర్ధగంటలో జవాబు వచ్చును.

దాని లోపములను కూడ ఆమెయే చెప్పినది. ఇది గుండెను ఒక్క దిక్కునుండి మాత్రమే చూచును; పెద్ద యంత్రము పండ్రెండు దిక్కులనుండి చూచును. రేఖ కడపటి గుట్ట ఎచట ముగిసినదో యొక్కొక్కప్పుడు స్పష్టపడదు. ఫోను తనంతట చెప్పు మాటను నమ్మక కంటితో కొలువవలెను. చేయి వణకినచో గీత గడ్డిపరకలవలె చెదరును. కావున పెద్ద యంత్రము పని పెద్ద యంత్రముదే. ఇది రెండు పరీక్షల నడిమి దినములను కాయుటకు మాత్రమే. కొందరు ఇట్టి వస్తువులను చేతికి తగిలించుకొని ఆరోగ్యము కొనుకొంటిమని మురియుదురు. వారి సంగతి వేరు. అవసరము గలవారు మెట్లమీద కూర్చుండగా, అవసరము లేనివారి ముంజేతులపై గుండెలు లెక్కింపబడుచున్నవి.

ఈ విషయమున పూర్వచరిత్ర యొకటి యున్నది. హాలెండు దేశమున లైడెన్ నగరములో ఐంథోవెన్ 1901 ప్రాంతమున నిర్మించిన మొదటి గుండెరేఖా యంత్రము సుమారు 270 కిలోల బరువు. ఐదుగురు మనుష్యులు నడుపవలెను. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి జాడీలలో ముంచవలెను. అది రోగులకడకు పోజాలదు, లేవలేని రోగులు దానికడకు రాజాలరు. అందుచేత నాయన 1905 లో చికిత్సాలయమునుండి తన ప్రయోగశాలకు ఒకటిన్నర కిలోమీటరు టెలిఫోను తీగెను వాడి, మంచముననున్న రోగి గుండెరేఖను అక్కడ గీయించెను. 1924 లో నోబెల్ బహుమానము పొందెను. మనిషిని కదపక గుండెను మాత్రము దూరమునకు పంపుట నూరేండ్లనాడే సాధ్యమైనదన్నమాట. మా చెల్లెలు నడువవలసినది రెండువందల యడుగులు.

నాలుగు దినములకు లెక్క 460 కి దిగగా, ఒక్కొక్క మందునే మరల మొదలిడిరి. బెడాక్విలిన్ విషయమున వైద్యులు భయపడుటకు కారణము లేకపోలేదు. 2014 లో ప్రకటించిన యొక పరీక్షలో ఆ మందు పుచ్చుకొన్న 79 మందిలో పదిమందియు, పుచ్చుకొనని 81 మందిలో ఇద్దరును మరణించిరి. ఆ చావులకు గుండె లయతో సంబంధము కనబడలేదు. తరువాత వేలకొలది రోగుల యనుభవమువలన ఆ భయము చాలవరకు తగ్గినది. అయినను ఈ మందు ఒడలినుండి నెలల తరబడి పోదు. ఆపినంతమాత్రమున అపాయము ఆగదు గనుక ముందే కనిపెట్టుట అవసరము.

ఒక యుదయము చెల్లెలి చేతులు విపరీతముగా వణకెను. మూడుసార్లు ప్రయత్నించినను ఫోనుపై గడ్డిపరకలే. డాక్టరమ్మ చేతినిండ పనులతో నుండెను. నావైపు చూచి, "అమ్మా, ఇలా దగ్గరికి రండి. తన చేతులు మీ ఒళ్లో పెట్టుకుని మోచేతుల కింద పట్టుకోండి" అన్నది. నాలుగడుగుల దూరము దాటుటకు నాకెంత సేపు పట్టినదో చెప్పజాలను. మంచముపై కూర్చుండి, చీర కొంగుపై దాని ముంజేతులనుంచుకొంటిని. క్లోఫజిమిన్‌వలన దాని చర్మము అప్పటికే నల్లబడ నారంభించినది. చేతులు ఎండుపుల్లలవలె నుండెను. "అక్కా, కంచం వేరు పెట్టావుగా, నీకు భయం లేదా?" యని మెల్లగా నడిగినది. ఏమనగలను? డాక్టరమ్మ ముప్పదినుండి వెనుకకు లెక్కించుచుండెను. రేఖ చక్కగా వచ్చెను. ఆమె పోయిన తరువాతకూడ నేను లేవలేదు. మధ్యాహ్నము కిటికీ తెరచితిని.

2020 జనవరిలో ఇంటికి తెచ్చుకొంటిమి. మార్చిలో కొవిడ్ వచ్చి రాకపోకలు నిలిచినవి. ఆ నెలలలో లోకమంతయు క్యూటీని గూర్చి వినినది. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ అనునవి రెండును ఆ జాతివే. అమెరికా ప్రభుత్వము హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు మార్చి 28 న అత్యవసరానుమతి నిచ్చి, జూను 15 న ఉపసంహరించినది. రోగిగదిలోనికి పదిసార్లు పోనక్కరలేకుండ చిన్న యంత్రములతో గుండె చూచు పద్ధతి అప్పుడు పెద్ద చికిత్సాలయములవారికి సైతము అక్కరకు వచ్చెను. మా డాక్టరమ్మ మాత్రము తన పలకను ఆరోగ్యకార్యకర్త మోటారుసైకిలుపై రెండుసార్లు మా యింటికి పంపినది. నేను చెల్లెలి చేతులు పట్టుకొనగా అతడు గుమ్మమువద్ద నిలిచి ఫోను చూచెను. మే నెలతో బెడాక్విలిన్ ఇరువదినాలుగు వారములు పూర్తియైనవి. మిగిలిన మందులు 2021 వేసవివరకు సాగెను. ఇప్పుడది తన యింట నున్నది; చర్మపు నలుపు చాలవరకు విరిగినది. దాని యత్తవారు కంచము కలుపుకొనుటకు మరియొక సంవత్సరము పట్టినది.

మేము నలుగురము స్త్రీలము కలసి వ్రాసిన యర్జీవలన ఆ పరీక్ష గదికి తెర వచ్చినది. నీలపు గుడ్డ, మంచిదే. మా వార్డునకు వేరు యంత్రము కావలెనని వ్రాసిన భాగమునకు జవాబు రాలేదు. 2021 ఆఖరున డాక్టరమ్మకు వేరొక జిల్లాకు బదిలీ యైనది. పలక ఆమె సొంతము గనుక ఆమెతో వెళ్లినది. ఆ డిసెంబరులో చెల్లెలి కాగితములకొరకు నేనచటికి పోయినపుడు దాని మంచముపై పదునెనిమిదేండ్ల పిల్ల యుండవలసినది, లేదు. ఎక్కడికి పోయినదని యడిగితిని. ఈ.సీ.జీ.కి పోయినదనియు, ఉదయము ఎనిమిదింటికే వెళ్లినదనియు ప్రక్క మంచమామె చెప్పినది. అప్పటికి ఒంటిగంట దాటినది. నేను ఆవరణము దాటి పోయి, ఆ పిల్ల ప్రక్కన మెట్టుమీద కూర్చుంటిని.